గాలిలో ఫీట్లు చేసేవారికి భయం ఉండదా? చీపురుపల్లి తల్లిగారికి నా జవాబు

అమ్మా, నమస్కారం. మీరు అడిగినది క్లుప్తంగా ఇది. విజయనగరంలో వేసిన సర్కస్ చూసి వచ్చినప్పటి నుంచి పదహారేళ్ల మీ అబ్బాయి పెరట్లోని మామిడిచెట్టుకు రెండు తాళ్లు, ఒక వెదురు కర్ర కట్టుకుని ఊగుతున్నాడు. మంచి ఊపులో ఉండగా కర్ర వదిలి దూకుతున్నాడు. ఇంటర్ పుస్తకాలు మూలపడ్డాయి. వాళ్లకు భయం ఉండదా, ఈ విద్య నేర్పే చోటు ఎక్కడైనా ఉందా, వాడిని ఆపాలా వదిలెయ్యాలా అన్నవి మీ మూడు ప్రశ్నలు. మీ బావగారు తాడు కోసి పారేయమన్నారనీ, మీ తమ్ముడు పిల్లవాడి ఉత్సాహం చంపవద్దన్నాడనీ రాశారు. ఇద్దరి మాటా పూర్తిగా సరైనది కాదని నా అభిప్రాయం; ఎందుకో కాస్త వివరంగా చెప్పవలసి ఉంది.

నేను 11 సంవత్సరాలు ఒక సంచార సర్కస్‌లో క్యాచర్‌గా, అంటే గాలిలో ఎగిరి వచ్చే మనిషిని తలకిందులుగా వేలాడుతూ అందుకునేవాడిగా పనిచేశాను. భుజం కీలు అరిగిపోయాక మరో 14 సంవత్సరాలు అదే డేరాలో స్తంభాలు, తాళ్లు, వల కట్టే ముఠాకు మేస్త్రీగా ఉన్నాను. ఇప్పుడు విజయనగరంలో స్థిరపడి, సభలకూ తీర్థాలకూ వేదికలు, దీపాల స్తంభాలు కట్టించే పని చూసుకుంటున్నాను. అందువల్ల నా జవాబులో ఎగిరేవాడికన్నా తాడు కట్టేవాడి ప్రస్తావన ఎక్కువగా వస్తే మన్నించండి. నాకు తెలిసినంతలో ఈ విద్యలో సగానికి మించిన భాగం నేల మీదే జరుగుతుంది. గ్యాలరీలో కూర్చున్న మీ అబ్బాయి కంట పడనిదీ అదే.

మొదట భయం సంగతి. ఉంటుంది. నాతో పనిచేసిన వారిలో తనకు భయమే లేదని చెప్పుకున్నవాడు ఒక్కడే. అతణ్ణి మా ఫ్లయింగ్ మాస్టరు మూడో నెలలోనే జూలా మీద నుంచి దింపి సైకిల్ ఫీట్లలో వేశారు. సర్కస్ వాళ్లు ఆ ఉయ్యాల కర్రను జూలా అంటారు. ఎందుకు దింపారని అడిగితే మాస్టరు చెప్పినది ఒకటే మాట: "వీడు వల చూసుకోడు." భయం ఉన్నవాడు ఎక్కేముందు తన అరచేయి చూసుకుంటాడు, కర్రకు చుట్టిన పట్టీ చూసుకుంటాడు, వల నాలుగు మూలలా ఉన్న గూటాలను కాలితో తన్ని చూస్తాడు, నిన్న వాన పడిందా అని అడుగుతాడు. పది పదిహేనేళ్లు ఆ పని చేసినవాళ్లకు కూడా ఆట మొదలయ్యే ముందు అరచేతులు చెమర్చడం నేను రోజూ చూశాను. ఆ చెమట తుడుచుకుని, తడి పీల్చే మెగ్నీషియం కార్బొనేట్ పొడి రాసుకోవడం వారికి అన్నం ముందు చెయ్యి కడుక్కున్నంత మామూలు పని.

ఇక ఆ ఫీటు అసలు ఎలా జరుగుతుందో చెబుతాను. అది తెలిస్తే మీ అబ్బాయి చేస్తున్నదానికీ దానికీ ఉన్న తేడా మీకే కనబడుతుంది. ఒక ఉయ్యాల వదిలి మరో ఉయ్యాల అందుకునే ఆటను మొదట జనం ముందు చేసి చూపినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన జూల్స్ లియొతార్. 1859 నవంబరులో పారిస్ నగరంలో అతని ప్రదర్శన జరిగింది. తులూజ్ పట్టణంలో అతని తండ్రికి ఒక వ్యాయామశాల, అందులో ఈత కొలను ఉండేవి. కుర్రవాడు ఆ కొలను మీద కర్రలు వేలాడదీసి సాధన చేశాడు. చేయి జారినా నీళ్లలో పడేవాడు. సాహసానికి మారుపేరుగా చెప్పుకునే మనిషి కూడా ముందు పడే చోటు చూసుకుని, ఆ తరువాతే ఎగరడం నేర్చుకున్నాడని మీ అబ్బాయికి తప్పక చెప్పండి.

ఉయ్యాల ఊపుకు ఒక లెక్క ఉంది. మీ అబ్బాయి ఫిజిక్సు పుస్తకంలో లోలకం పాఠం ఉంటుంది, అదే ఇది. తాడు కట్టిన చోటు నుంచి ఊగేవాడి నడుము వరకు 5 మీటర్లు ఉందనుకుంటే, ఒకసారి పోయి రావడానికి సుమారు నాలుగున్నర సెకన్లు పడుతుంది. ఊపు బాగా పెద్దదైతే ఇంకాస్త ఎక్కువ పడుతుంది. మనిషి 40 కిలోలున్నా 80 కిలోలున్నా ఈ కాలం మారదు. అందుకే ఎగిరేవాడికీ పట్టేవాడికీ మధ్య గడియారం అక్కరలేదు. రెండు తాళ్లే రెండు గడియారాలు. పట్టేవాడు తన ఊపును ఎప్పుడు మొదలుపెట్టాలో తెలిస్తే చాలు, ఇద్దరూ ఒకే క్షణంలో ఒకే చోటికి వస్తారు. ఊపు చివరికి వచ్చి, వెనుదిరగబోయే ముందు మనిషి గాలిలో క్షణం సేపు ఆగినట్టు ఉంటాడు. పట్టు పడవలసినది అక్కడే. అర సెకను ముందైనా వెనుకైనా ఇద్దరి మధ్య రెండు మూర్ల ఖాళీ మిగులుతుంది, అప్పుడు ఎవరి చేయీ ఎంత చాచినా ప్రయోజనం లేదు.

ఆ పట్టు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సినిమాల్లో దాన్ని ఎప్పుడూ తప్పుగానే చూపిస్తారు. వేళ్లకు వేళ్లు పెనవేసి పట్టుకోరు. నేను మోకాళ్లు కర్రకు మడిచి, పిక్కలను తాళ్లకు మెలివేసి, తలకిందులుగా ఊగుతూ చేతులు కిందికి చాచి ఉంచేవాణ్ణి. ఎగిరే మనిషి రెండు మణికట్లకూ తడి పీల్చే గుడ్డ పట్టీ చుట్టి ఉండేది. నా అరచేయి వారి మణికట్టు మీద, వారి అరచేయి నా మణికట్టు మీద పడాలి. అప్పుడు ఒకరి పట్టు జారినా రెండోవారి పట్టు నిలుస్తుంది. కిందికి లాగే బరువు భుజానికి తగలకముందే పట్టీ మీద పొడి రాసిన చర్మం బిగిసిన చప్పుడు వినిపించేది. పాతికేళ్ల తరువాత ఇప్పటికీ తలుపు గడియ గట్టిగా పడితే నాకు ఆ చప్పుడే గుర్తుకు వస్తుంది. గాలిలో మూడు పల్టీలు కొట్టి అందుకోవడమే ఎంతోకాలం పెద్ద ఘనత. 1982 జూలై 10న అమెరికాలోని టూసాన్ పట్టణంలో మిగెల్ వాస్కెజ్ నాలుగు పల్టీలు కొట్టి అందుకున్నాడు. పట్టుకున్నది అతని అన్నదమ్ముడే అయిన హ్వాన్. ఆ వార్తలో అందరూ మిగెల్ పేరే చెబుతారు, నేను మాత్రం రెండో పేరు కూడా చెప్పకుండా ఉండలేను.

పట్టు తప్పినవారు వలలో పడతారు. వలలో పడటం ఒక ప్రత్యేక విద్య. కొత్తవారికి ఎగరడం కన్నా ముందు నెలల తరబడి అదే నేర్పుతారు. కాళ్ల మీద పడితే చీలమండ వల కన్నుల్లో ఇరుక్కుని విరుగుతుంది, చేతులు ఆనిస్తే మణికట్టు పోతుంది, బోర్లా పడితే నడుము వెనక్కి విరుచుకుంటుంది. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు వెడల్పుగా ఆనేలా వెల్లకిలా పడాలి. పడ్డాక వల పైకి ఎగరేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. మొదటిసారి సరిగా పడి, ఎగిరినప్పుడు వల అంచు దాటి నేల మీద పడ్డవాళ్లు ఉన్నారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను. మీ ఇంటి సంగతి తేల్చేది ఇదే. పడిన మనిషికి తగిలే దెబ్బ ఎంత ఎత్తు నుంచి పడ్డాడన్నదాని మీద ఎంత ఆధారపడుతుందో, ఎంత దూరంలో ఆగాడన్నదాని మీద అంతే ఆధారపడుతుంది. డేరాలో ఎగిరేవాడు నిలబడే పలక 10 మీటర్ల ఎత్తున ఉంటుంది, నేలకు 3 మీటర్ల ఎత్తున వల ఉంటుంది. 7 మీటర్లు పడిన మనిషిని ఆ వల ఒకటిన్నర మీటరు సాగి ఆపుతుంది. సగటున శరీరం మీద పడే బలం తన బరువుకు ఐదారు రెట్లు. వీపంతా పరుచుకుని పడితే ఆరోగ్యంగా ఉన్న మనిషి దాన్ని తట్టుకుంటాడు. మీ మామిడికొమ్మ నుంచి మీ అబ్బాయి 4 మీటర్లే పడతాడనుకోండి. కాళ్ల మీద పడినంతవరకు మోకాళ్లు వంగి ఆదుకుంటాయి. ఒక్కసారి తాడు తెగి వీపు మీదనో మెడ మీదనో పడితే, గట్టి నేల మీద ఆగే దూరం జానెడు కూడా ఉండదు. 10 సెంటీమీటర్లలో ఆగాడనుకున్నా బరువుకు 40 రెట్లు. 50 కిలోల పిల్లవాడి మీద ఆ క్షణంలో 2 టన్నుల బలం. సర్కస్‌లో 10 మీటర్ల ఎత్తు కన్నా మీ పెరట్లో 4 మీటర్ల ఎత్తు ఎన్నో రెట్లు ప్రమాదకరమని నేను అంటున్నది ఈ లెక్క ప్రకారమే.

వల ఉన్నంత మాత్రాన సరిపోదని కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో తప్పు చేసినవాణ్ణి నేనే. మేస్త్రీగా నాకు అది నాలుగో సంవత్సరం. ఒడిశా వైపు ఒక చిన్న ఊరిలో బంకమట్టి నేల మీద డేరా వేశాం. రాత్రంతా వాన కురిసింది. పొద్దున్నే వల మూలలు చూడటానికి వెళ్లి మూడు గూటాలకు సమ్మెట దెబ్బలు వేయించి బిగించాను. నాలుగో మూల వంటశాల నీళ్లు నిలిచి బురదగా ఉంది. దూరం నుంచే చూసి, తాడు బిగువుగానే ఉంది కదా అని వచ్చేశాను. మధ్యాహ్నం ఆటలో ఇరవై రెండేళ్ల అమ్మాయి రెండు పల్టీలు కొట్టి, పట్టు అందక వలలో పడింది. పడటం పుస్తకంలో రాసినంత సరిగా పడింది. ఆ బరువుకు నాలుగో గూటం బురదలోంచి పక్కకు ఒరిగింది, వల ఆ మూల నేలకు తాకింది, ఆమె తుంటి నేలకు కొట్టుకుంది. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ నాలుగు నెలలు మంచం మీద ఉంది. తిరిగి వచ్చాక ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ప్రతి ఆటకు ముందు తనే స్వయంగా నాలుగో మూలకు వెళ్లి గూటాన్ని తన్ని చూసి, ఆ తరువాతే తాడు నిచ్చెన ఎక్కేది. ఆమె అలా నడిచి వెళ్తుంటే చూడటం నాకు ఏ తిట్టుకన్నా ఎక్కువ శిక్షగా ఉండేది.

ఇనుప తాడును పరీక్షించడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. పాత లుంగీ గుడ్డ పీలికను తాడు చుట్టూ పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా జారుస్తూ పోవాలి. కంటికి కనిపించని పోగు ఒక్కటి తెగి ఉన్నా గుడ్డ అక్కడ చిక్కుకుంటుంది. చేత్తో తడిమితే వేలు చీరుకుంటుంది, అందుకే గుడ్డ. ఇలా చిక్కుకున్న చోటల్లా సుద్దతో గీత పెట్టేవాళ్లం. ఒకే జానెడు మేరలో మూడు గీతలు పడితే ఆ తాడును జూలాకు వాడకుండా డేరా గుడ్డ లాగే పనికి మార్చేవాళ్లం.

ప్రపంచంలో పేరుపడ్డ ప్రమాదాలను చూసినా ఇదే కనిపిస్తుంది. 1931 ఫిబ్రవరిలో కోపెన్‌హేగెన్ నగరంలో లిలియన్ లైట్జెల్ అనే గొప్ప కళాకారిణి పడిపోయి, రెండు రోజులకు మరణించింది. ఆమె చేయి జారలేదు. ఆమె పట్టుకున్న రింగును తాడుకు కలిపే లోహపు తిరుగుడు కొక్కెం ఏళ్ల తరబడి మెలితిరిగి అలసి విరిగిపోయింది. తీగ మీద నడకలో తరతరాల పేరున్న వలెండా కుటుంబానికి పెద్ద కార్ల్ వలెండా 1978 మార్చి 22న, 73వ ఏట, ప్యూర్టో రికోలోని సాన్ హ్వాన్ నగరంలో రెండు హోటలు భవనాల మధ్య తీగ మీద నడుస్తూ పడి చనిపోయాడు. ఆ రోజు గాలి బలంగా ఉంది, నిజమే. అయితే తీగ ఊగిపోకుండా పక్కలకు బిగించే తాళ్లు కొన్ని సరిగా కట్టలేదని తరువాత ఆయన కుటుంబమే చెప్పింది. ఇద్దరి నైపుణ్యంలోనూ లోపం వెతకలేము.

ఈ సంగతి విజయనగరం జిల్లా వాళ్లకు నేను చెప్పనవసరం లేదు నిజానికి. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మీరు చూసే ఉంటారు. దాన్ని విన్యాసం అనడం తప్పు, అది అమ్మవారి సేవ. ఆ మాటకు మన్నింపు కోరుతూనే, తాళ్ల మేస్త్రీగా నేను దాన్ని చూసే తీరు చెబుతాను. యాభై అడుగులకు పైబడిన చింతమాను, దాని కొస మీద ఆసనంలో పూజారి, ఆ మానుకు ఆధారంగా రథం మీద ఇరుసుమాను. మూడులాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు, లక్షల జనం మధ్య, పైన కూర్చున్న ఆయన మీదికి భక్తులు అరటిపళ్లు విసురుతుండగా ఆ మాను నడుస్తుంది. అందరి కళ్లూ పైన ఉంటాయి. నా కళ్లు మాత్రం ఎప్పుడూ కిందనే ఉంటాయి: ఇరుసు దగ్గర మాను కట్టు ఎలా వేశారు, తాళ్లు పట్టుకున్నవాళ్లు అడుగు కలుపుతున్నారా, మలుపులో ఏ పక్కవాళ్లు ముందు వదులుతున్నారు. ఏ మానును ఎంచుకోవాలి, ఎలా చెక్కాలి, ఎలా నిలబెట్టాలి అన్నది తరతరాలుగా తెలిసిన చేతులు అవి. ఈసారి పండగకు వెళ్లినప్పుడు మీ అబ్బాయిని కాసేపు కిందికి చూడమనండి.

మా చిన్నప్పుడు ఊళ్లలోకి దొమ్మరాట వచ్చేది. డోలు మోగుతుంటే నిట్టనిలువు గడ ఎక్కి, కొసన పొట్ట ఆనించి గిరగిరా తిరిగేవారు. రెండు కత్తెర కట్ల మధ్య తాడు బిగించి, చేతిలో పొడవాటి వెదురు అడ్డంగా పట్టుకుని నడిచేవారు. ఆ వెదురు శోభ కోసం కాదు. పొడవైన కర్ర పట్టుకున్న మనిషి పక్కకు ఒరగడం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యంలోనే అతను సర్దుకుంటాడు. 1974 ఆగస్టు 7న న్యూయార్క్ జంట భవనాల మధ్య 400 మీటర్ల ఎత్తున తీగ మీద ముప్పావు గంట సేపు నడిచిన ఫిలిప్ పెతీ చేతిలో ఉన్నదీ అలాంటి కర్రే. అతని పేరు ప్రపంచమంతా తెలుసు. మా వీధిలో ఆడినవారికి మానెడు బియ్యం పోసి పంపేవాళ్లం, వారి పేరు కూడా అడిగినవాళ్లు లేరు.

సర్కస్ అంటే మన ప్రాంతానికి పరాయిది కాదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు గారు సొంతంగా సర్కస్ కంపెనీ నడిపారు. గొలుసులు తెంచడం, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకోవడం, కదిలే కార్లను పట్టి ఆపడం ఆయనకు పేరు తెచ్చాయి. శ్రీకాకుళంలో క్రీడామైదానానికి ఆయన పేరు పెట్టుకున్నాం. ఆయనది గాలిలో విద్య కాదు, బలవిద్య. అయినా శ్వాస మీద అదుపు సాధించడానికి ఆయన చేసిన ప్రాణాయామ సాధన గురించి మా మాస్టరు తరచూ చెప్పేవారు; జూలా మీద ఊపిరి బిగబట్టేవాడికి చేతులు ముందు అలసిపోతాయి.

విమానాలతో చేసే ఫీట్ల గురించి కూడా మీ అబ్బాయి అడుగుతున్నాడన్నారు కాబట్టి కొద్దిగా చెబుతాను, అది నా వృత్తి కాదు. 1913లో కీవ్ నగరంలో ప్యోత్ర్ నెస్తెరొవ్ అనే రష్యా సైనికుడు విమానాన్ని గాలిలో నిలువు గుండ్రంగా తిప్పితే, ప్రభుత్వ ఆస్తిని ప్రమాదంలో పెట్టాడని అతనికి పది రోజుల నిర్బంధం విధించారు. మన దేశంలో అంతకన్నా ముందే, 1889లో, కలకత్తాలో రామచంద్ర ఛటర్జీ బెలూన్ ఎక్కాడు. మరుసటి ఏడాది బెలూన్ నుంచి పారాచూట్‌తో దిగాడు. ఆయన అంతకుముందు సర్కస్ కళాకారుడే, అది తెలిసిన రోజున మా డేరాలో మిఠాయి పంచుకున్నాం. ఈ కాలంలో మన వాయుసేన సూర్యకిరణ్ బృందం 1996లో ఏర్పడింది. ఇప్పుడు తొమ్మిది హాక్ విమానాలతో, రెక్కకూ రెక్కకూ మధ్య కొన్ని మీటర్ల ఖాళీతో ఎగురుతుంది. అంత సాధన ఉన్నవారికి కూడా 2019 ఫిబ్రవరిలో బెంగళూరు దగ్గర రిహార్సల్‌లో రెండు విమానాలు ఢీకొని ఒక పైలట్ మరణించారు. 2010 మార్చిలో హైదరాబాద్‌లో నౌకాదళ బృందం విమానం కూలి ఇద్దరు పైలట్లు పోయారు. ఆ దారి కావాలంటే చదువు, వాయుసేన ఎంపిక, ఏళ్ల తరబడి మామూలు పైలట్‌గా సేవ, ఆ తరువాతే ఫీట్లు. ఆ మాట వింటే ఇంటర్ పుస్తకాలు మళ్లీ బల్ల మీదికి వస్తాయేమో చూడండి.

2025 జనవరిలో విశాఖ సాగరతీరంలో నౌకాదళ విన్యాసాల రిహార్సల్ జరుగుతుండగా ఇద్దరి పారాచూట్లు గాలిలో ఒకదానికొకటి చిక్కుకుని ఇద్దరూ సముద్రంలో పడ్డారు. వెంటనే పడవ వెళ్లి వారిని క్షేమంగా ఎక్కించుకుంది. ఫోనులో ఆ వీడియో చూసిన కుర్రవాళ్లు పారాచూట్లు మెలిపడటం గురించే మాట్లాడుకున్నారు. ఎవరో ముందురోజే కూర్చుని, పడితే ఎక్కడ పడతారో ఊహించి, ఆ చోట పడవను నిలబెట్టారన్నది ఎవరి నోటా రాలేదు.

మీ రెండో ప్రశ్న, నేర్చుకునే చోటు. మన దేశంలో సర్కస్ చదువుకు పుట్టిల్లు కేరళలోని తలశ్శేరి. కీలేరి కుంజికణ్ణన్ అనే వ్యాయామ గురువు 1901లో అక్కడ శిక్షణశాల మొదలుపెట్టారు, ఎన్నో కంపెనీల యజమానులూ కళాకారులూ ఆ ఊరి నుంచే వచ్చారు. అయితే మీ అబ్బాయి వయసు ఇప్పుడు పదహారు. పిల్లలను సర్కస్‌లో పనిచేయించరాదని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు సినిమాలకూ క్రీడలకూ కొన్ని మినహాయింపులు ఇచ్చారు గానీ సర్కస్‌కు ఇవ్వలేదు. ఎవరైనా డేరా మనిషి వచ్చి "మాతో పంపండి, నేర్పుతాం" అంటే గడప దాటనివ్వకండి. డేరా బతుకు ఎలా ఉంటుందో కూడా దాచను: జంతువుల ఆటలు ఆగిపోయాక జనం తగ్గారు, చాలా కంపెనీలు మూతపడ్డాయి, నాతో ఎగిరినవారిలో ఒకరు ఇప్పుడు లారీ నడుపుతున్నారు, ఒకరు హోటలు కౌంటర్లో ఉన్నారు.

వాడికి తగిన దారి జిమ్నాస్టిక్స్. గాలిలో పల్టీ కొట్టడం, ఎక్కడ ఉన్నామో తలకిందులుగా కూడా తెలుసుకోవడం, పడటం ఇవన్నీ అక్కడ స్పాంజి గుంటల మీద, మెత్తని పరుపుల మీద నేర్పుతారు. త్రిపుర నుంచి వచ్చిన దీపా కర్మాకర్ 2016 రియో ఒలింపిక్స్‌లో వాల్ట్‌లో నాలుగో స్థానంలో నిలిచింది; మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో కాంస్యం తెచ్చింది. పదహారేళ్లకు మొదలుపెట్టినవాడు ఒలింపిక్స్‌కు వెళ్లడం కష్టమే, అబద్ధం చెప్పను. కానీ రెండేళ్లు నేర్చుకుంటే శరీరం తయారవుతుంది, పద్దెనిమిదేళ్లు నిండాక సినిమా ఫైట్ల బృందాలు, వేదిక ప్రదర్శనలు, నాలాగా తాళ్లు కట్టే వృత్తి, ఏదైనా ఎంచుకోవచ్చు. జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ కార్యాలయానికి మీరే వాడిని వెంటబెట్టుకుని వెళ్లి కోచ్ ఎవరో అడగండి. వాడొక్కణ్ణే పంపితే మా వైపు కుర్రాళ్లు దారిలోనే మనసు మార్చుకుంటారు.

ఇక మామిడిచెట్టు. ఈ రోజే ఆ ఉయ్యాల విప్పించాలి, అందులో రెండో మాట లేదు. మంచి ఊపులో అడుగుకు వచ్చినప్పుడు తాడు మీద పడే బరువు వాడి సొంత బరువుకు రెండు రెట్ల వరకు ఉంటుంది. తాడు నేలకు అడ్డంగా అయ్యేంత ఊగితే మూడు రెట్లు. మీరు రాసినదాన్నిబట్టి అది పాత చాంతాడు, బావి గిలకకు ఏళ్ల తరబడి అరిగినది. దానికి తోడు ముడి వేసిన చోట ఏ తాడైనా బలం కోల్పోతుంది, కొమ్మ బెరడుకు రాసుకునే చోట రోజూ కొంత తెగుతుంది. మామిడికొమ్మ కూడా పైకి పచ్చగా ఉండి లోపల గుల్లబారి ఉండవచ్చు. మీ బావగారు చెప్పినట్టు కోసి పారేయడం మాత్రం వద్దు. కోస్తే వాడు రేపు పొలం గట్టు మీద చింతచెట్టుకు ఇంకో తాడు కడతాడు, అక్కడ మీరు చూడరు. వాడినే చెట్టెక్కించి, వాడి చేతులతోనే ముడి విప్పించండి. కిందికి తెచ్చాక కొమ్మకు రాసుకున్న చోట పురి విప్పి, లోపల ఎన్ని పోగులు తెగాయో వాడినే కూర్చుని లెక్కపెట్టమనండి.